బానెట్ కింద గుడ్డ పెట్టనివ్వకు

నూజివీడు,
16 ఏప్రిల్ 2025.

మావయ్యకి నమస్కారాలు.

అమ్మా నేనూ బాగున్నాం. మీ సంగతులు రాగిణి వదిన ఫోన్లో చెబుతూనే ఉంటుంది గానీ, "నాన్న బాగానే ఉన్నారు" అన్న మూడు మాటల్లో మా అమ్మకి తమ్ముడు దొరకడం లేదు. మీకు వినపడడం మానేశాక ఫోన్లో మాట్లాడడం ఎలాగూ లేదు. వాట్సాప్ పెడదామా అంటే మీ ఫోను వదిన చేతిలో ఉంటుంది. మీకు నేను పెట్టినదానికి తనే జవాబిస్తుంది. అందుకని కాగితం మీదికి దిగాను. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడ కూర్చున్నావిడ నన్ను ఎగాదిగా చూసింది.

అసలు సంగతి కారు. కొన్నాళ్ళుగా బొత్తిగా పికప్ లేదు. స్టార్టవుతుంది, కదులుతుంది, చాట్రాయి దారిలో ఎత్తు వచ్చేసరికి ఆయాసపడుతుంది. మొన్న ఆఫీసుకి వెళుతుంటే మామిడికాయల లోడు ట్రాక్టరు నన్ను దాటి పోయింది. ఆ డ్రైవరు వెనక్కి తిరిగి నవ్వాడు కూడా. వెనక చూస్తే పొగ.

ఇక్కడ కొత్తగా పెట్టిన సంతోష్ కుమార్ గ్యారేజీకి తీసుకెళ్ళాను. ఇంజన్ ఆన్‌లో ఉండగానే ఆయిల్ పోసే మూత తీసి, అందులోంచి ఆవిరి వస్తుంటే చూపించి, "ఇంజన్ బోరుకొచ్చింది మేడమ్, రింగులు అరిగిపోయాయి, దించాల్సిందే" అన్నాడు. డైనమో కూడా మార్చాలట. ఎంతవుతుందో నోటితో చెప్పాడు. ఆ అంకె ఇక్కడ రాయను, మీ బీపీ సంగతి నాకు తెలుసు. చివర్లో, ఇంత ఖర్చు దండగ, ఎలాగూ పోయిన ఇంజనే కాబట్టి పాత ఇనుము కింద తనే కొనుక్కుంటానన్నాడు.

వదినకి చెబితే అమ్మేయమంది. "నాన్న కూడా సరేనన్నారు" అంది. నాకు మనసొప్పలేదు. డ్రైవింగ్ నేర్పింది మీరు, హైదరాబాద్ వెళ్ళిపోతూ తాళం నా చేతిలో పెట్టింది మీరు. అత్తయ్య పోయాక ఈ ఊళ్ళో మీదంటూ మిగిలింది ఆ తెల్ల కారొక్కటే. అందుకే మీ మాట మీ చేత్తోనే కావాలి. అమ్మమంటే అమ్ముతాను, వద్దంటే ఎలాగోలా తిప్పుతాను.

చిన్న రసాలు ఇంకా ముదరలేదు.

మీ మేనకోడలు,
శ్రీలలిత


హైదరాబాద్,
22 ఏప్రిల్ 2025.

చి. లలితకి మావయ్య దీవెనలు.

వాచ్‌మన్ కవరు పైకి తెచ్చిస్తే కరెంటు బిల్లేమో అనుకున్నాం. నీ దస్తూరి చూసి రాగిణి చేతిలోంచి లాక్కున్నాను. నా పేరున ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో.

మొదటి మాట. అమ్మడానికి నేను సరేననలేదు. రాగిణి ఏదో అడిగింది, పెదవులు చూస్తే అర్థమైనట్టే అనిపించి తల ఊపాను. ఈ మధ్య చాలావాటికి అలాగే ఊపుతున్నాను. దానిది తప్పు కాదు. కానీ అమ్మా, ఆ పాత బండితో నీకే విసుగొచ్చి, ఆ మాట నా చేత అనిపించాలని రాశావా? అలాగైతే నేరుగా చెప్పు, నొచ్చుకోను.

ఇక రెండోది. పొగ అని రాశావు, రంగు రాయలేదు. నా క్లాసులో ఇలాంటి జవాబుకి అర మార్కు కూడా వేసేవాణ్ణి కాదు. ముప్పయ్యేళ్ళు ఫిజిక్స్ చెప్పినవాడి మేనకోడలివి. నీలంగా ఉంటే ఇంజన్లో ఆయిల్ కాలుతున్నట్టు, అప్పుడు వాడి రింగుల మాట కొంత నమ్మొచ్చు. వేడెక్కాక కూడా తెల్లగా ఆగకుండా వస్తుంటే నీళ్ళు లోపలికి పోతున్నట్టు. నల్లగా ఉంటే డీజిల్‌కి సరిపడా గాలి అందక సగమే కాలుతున్నట్టు. అది చాలాసార్లు చిన్న జబ్బు. సైలెన్సర్ దగ్గర తెల్లగుడ్డ పట్టుకుని చూడు. పొద్దున్నే, చదునైన చోట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ కొలిచే కడ్డీ తీసి గుర్తు చూసి పెట్టుకో. వారం పోయాక మళ్ళీ చూడు. రింగులు పోతే ఆయిల్ తగ్గాలి. మూత తీసి ఆవిరి చూపించడం ఒట్టి గారడీ, వయసొచ్చిన ఏ ఇంజనైనా అంతో ఇంతో ఆవిరి వదులుతుంది. బ్యాటరీ లైటు వెలగనంతవరకూ డైనమో జోలికి పోనక్కర్లేదు.

గ్యారేజీవాడు ఏది మార్చాలన్నా ఎందుకని అడుగు. ఒక్కొక్కటీ విడిగా కాగితం మీద రాసివ్వమను. ఇంజన్ దించేముందు గేజి పెట్టి నీ ఎదురుగా కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి ఎంతుందో చూపించమను. కారు వాడి దగ్గర వదిలేసి ఇంటికి రాకు. ఇంకో చోట కూడా చూపించు. అర్థం కాకపోతే తల ఊపకు, ఆ జబ్బు మన ఇంట్లో నా ఒక్కడికి చాలు.

ఇంకో రెండు సంగతులు. దాంట్లోంచి ఏం పీకినా సరే, పాత పార్టు ఇంటికి తెచ్చి పెట్టు. బానెట్ కింద మాత్రం ఎవరినీ గుడ్డ పెట్టనివ్వకు. తుడవొద్దు, కడగొద్దు.

ఇక్కడ బాల్కనీలో కూర్చుంటే సిగ్నల్ దగ్గర ఆగే కార్లు కనిపిస్తాయి. సినిమాలో సౌండు పోయినట్టుంటుంది. చెవి మిషన్ పెట్టుకుంటే అన్ని చప్పుళ్ళూ ఒక్కసారే మీద పడతాయి, ఏది ఏదో తెలియదు, తీసేస్తాను. మన కారు పక్క సీట్లో ఒకసారి కూర్చోవాలని ఉంది. వినపడకపోయినా కాళ్ళకి తెలుస్తుంది.

అక్కకి నా నమస్కారాలు చెప్పు.

నీ మావయ్య,
వెంకటాచలపతి


నూజివీడు,
3 మే 2025.

మావయ్యా,

మీ మార్కులు దిద్దుకోండి. పొగ నలుపు. సైలెన్సర్ దగ్గర పట్టుకున్న చేతిరుమాలు ఇక దేనికీ పనికిరాదు. ఆయిల్ మొదట ఏ గుర్తు దగ్గరుందో ఇప్పుడూ అక్కడే ఉంది. బ్యాటరీ లైటు వెలగలేదు.

సంతోష్ కుమార్‌ని కాగితం అడిగాను. ఇది నమ్మకం మీద నడిచే పని, కాగితాలెందుకన్నాడు. గేజి అడిగితే ఎవరో పట్టుకెళ్ళారన్నాడు. నేను తల ఊపకుండా నిలబడ్డాను. అప్పుడు, కారు కొనడానికి మొన్న చెప్పిన రేటు కంటే కాస్త ఎక్కువిస్తానన్నాడు. పోయిన ఇంజన్‌కి రేటు పెరగడమేంటో నాకు అంతుపట్టలేదు. తాళం తీసుకుని వచ్చేశాను.

విసుగొచ్చి రాశానా అని అడిగారు. ఆ మాట నన్ను రెండు రోజులు తిననివ్వలేదు. అదొకటి చాలదన్నట్టు పీకిన పార్టులన్నీ ఇంటికి తెచ్చి పెట్టమన్నారు. నేను ఆ పాత ఇనుము అమ్ముకుంటానని కాదు గదా మీ అనుమానం? అమ్మకి చూపిస్తే "వాడు అలాంటివాడు కాదే" అంది. కాదంటూనే ఆవిడా మీ ఉత్తరం రెండోసారి చదివింది.

మీరు చెప్పినట్టే ఇంకో చోట చూపించాను. చింతలపూడిలో సువర్ణరాజు గారని ఉన్నారు, మా ఆఫీసులో జీపు వాళ్ళంతా ఆయన దగ్గరికే వెళతారు. బానెట్ ఎత్తి చాలాసేపు చూసి, ఇంత జిడ్డులో ఆయిల్ ఎక్కడైనా కారుతున్నా కనపడదు, ముందు కడిగి చూద్దామన్నారు. మీరు కడగొద్దన్న సంగతి గుర్తుంది. కానీ మీరు ఎందుకో చెప్పలేదు, ఆయన చెప్పారు. ప్రతిదానికీ ఎందుకని అడగమన్నది మీరే కాబట్టి కడగమన్నాను. డీజిల్ కొట్టి, బ్రష్షుతో రుద్ది, నీళ్ళతో కడిగారు. ఎక్కడా కారడం లేదు. జిడ్డుతో పాటు డైనమో మీదా, బ్యాటరీ పక్కనా ఎర్రగా తుప్పు మరకల్లాంటివి ఉండేవి, అవీ పోయాయి. ఇప్పుడు ఇంజన్ చూస్తే మీరు ముచ్చటపడతారు. వాళ్ళింట్లో పెళ్ళి ఉందట, మిగతా పని ఆ తర్వాత చూస్తానన్నారు.

ఇక్కడ రసాలు దిగాయి. వసారా అంతా కాయే, కాలు పెట్టే చోటు లేదు. కాయ మగ్గేయడానికి గడ్డి తెప్పించినప్పుడే, అంటే ఉగాది నుంచీ, కారుని కూడా గడ్డి షెడ్డులోకి మార్చాను. మీకు పంపుదామంటే వదిన వద్దంటోంది, మీకు షుగరట. ఒకటి తింటే ఏమవుతుంది?

శ్రీలలిత


హైదరాబాద్,
4 మే 2025.

చి. లలితకి,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగుదామనుకున్నాను, ఆగలేకపోతున్నాను.

ప్రతిదానికీ కారణం అడగమని నీకు రాసి, నేను మాత్రం కారణం చెప్పకుండా ఆర్డరు వేశాను. పోస్టులో వేసినప్పటినుంచీ అది గుచ్చుకుంటోంది. చెబుతాను, నవ్వకు.

మీ అత్తయ్య దసరాకి కారు పూజ ఎలా చేసేదో నువ్వు చూశావు. దండ వేసి నిమ్మకాయలు తొక్కించేదాకే మీరందరూ ఉండేవారు. మీరు వెళ్ళాక నా చేత బానెట్ ఎత్తించేది. పళ్ళెంలో తడిపిన పసుపు, కుంకుమ పెట్టుకుని లోపల ఉన్న ప్రతిదానికీ బొట్టు పెట్టేది. బ్యాటరీకి, డైనమోకి, రేడియేటర్ మూతకి, చివరికి ఆయిల్ కడ్డీకి కూడా. పేరంటానికొచ్చిన ముత్తయిదువులా ఇవన్నీ అని నేను ఆటపట్టించేవాణ్ణి. "రోడ్డు మీద మిమ్మల్ని మోసేవి ఇవేనండీ, ఇంట్లో నేనెలాగూ మోస్తున్నాను" అనేది సౌభాగ్యం.

ఆఖరి దసరాకి వంగలేకపోయింది. ఒక చెయ్యి కారు మడ్‌గార్డు మీద ఆనించి, రెండో చేత్తో పెట్టింది. వేలు వణికి బొట్లన్నీ వంకర పోయాయి. డైనమో మీద పసుపు అద్దినప్పుడు వేలి గీతలతో సహా పడింది. ఆ చలికాలమే తను వెళ్ళిపోయింది. తర్వాత నా చెవులు వెళ్ళాయి, తర్వాత నూజివీడు.

చీరలు రాగిణి అందరికీ పంచింది, సరే, అది మంచి పనే. ఫొటోలు ఇంటి నిండా ఉన్నాయి. ఫొటోలో మనిషి ఉంటుంది గానీ ఆవిడ చెయ్యి ఉండదు. ఆ చెయ్యి ఆ బానెట్ కింద ఉంది. జిడ్డు పట్టి ఎర్రటి తుప్పు మరకల్లా కనిపిస్తాయి, నువ్వు గమనించి ఉండవు. అందుకే పార్టు మారిస్తే పాతది తెమ్మన్నాను, అందుకే గుడ్డ పెట్టనివ్వొద్దన్నాను. ఈ వయసులో ఇలాంటివి రాయడానికి సిగ్గేసి మొదటి ఉత్తరంలో రాయలేదు.

ఇంజన్ నడవకపోయినా పరవాలేదు. ఇంటి దగ్గర ఓ మూల పడి ఉండనివ్వు.

మావయ్య


నూజివీడు,
9 మే 2025.

మావయ్యా,

మీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నాది ఈపాటికి మీకు చేరిపోయి ఉంటుంది. ఇంజన్ చూస్తే ముచ్చటపడతారని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకునే దారి లేదు.

చదవగానే షెడ్డులోకి పరుగెత్తాను. టార్చి వేసి అంగుళం అంగుళం వెతికాను. డైనమో మీద లేదు. బ్యాటరీ మీద, రేడియేటర్ మూత మీద, కడ్డీ మీద లేదు. వాళ్ళు బాగా కడిగారు మావయ్యా, ఎక్కడా వదల్లేదు. అమ్మ పొద్దుటినుంచీ మీ ఉత్తరం చేత్తో పట్టుకునే తిరుగుతోంది. ఇందాక వచ్చి, నీకేం తెలుసులే అని నా తల నిమిరింది. అప్పుడే ఎక్కువ ఏడుపొచ్చింది.

నాకూ అత్తయ్యే జడ వేసేది. ఆ చెయ్యి నాక్కూడా తెలుసు. తిట్టాలనిపిస్తే తిట్టండి, రాయడం మాత్రం మానకండి.

లలిత


హైదరాబాద్,
16 మే 2025.

చి. లలితకి,

తిట్టడానికేముంది. కారణం చెప్పనివాడి మాట పక్కన పెట్టి, చెప్పినవాడి మాట విన్నావు. నీకు నేర్పింది అదే. నేనక్కడ ఉన్నా, ఆ మరకల సంగతి తెలియకపోతే, కడగమనే చెప్పేవాణ్ణి. అనుమానం సంగతి కూడా మర్చిపో, నీ మీద నాకెప్పుడూ లేదు.

కారు అమ్మేయి. కోపంతో రాయడం లేదమ్మా. ఇన్నాళ్ళూ అది నూజివీడులో ఉందంటే నా మనిషి ఎక్కడో ఒకచోట ఉన్నట్టుండేది. ఇప్పుడది ఒట్టి కారు. రాగిణికి కూడా చెప్పాను. నువ్వు నీకు నచ్చిన మంచి బండి కొనుక్కో.

ఉత్తరం మడిచి కవర్లో పెట్టాక మళ్ళీ తీశాను. ఒకటి మనసుని పీకుతోంది. పొగ నల్లగా ఉందన్నావు, ఆయిల్ తగ్గలేదన్నావు, ఉగాది నుంచీ గడ్డి షెడ్డులో పెడుతున్నానన్నావు. గడ్డి షెడ్డులో కారు పెట్టొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాను? మామిడి మగ్గే వాసనకి ఎలుకలు రావూ? ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పావా? బ్యాటరీ పక్కన నల్లటి ప్లాస్టిక్ పెట్టె, చుట్టూ క్లిప్పులుంటాయి, వేలితోనే వస్తాయి. ఆ సంతోష్ కుమార్ దాన్ని ముట్టుకుని ఉండడు. వాడు బాగున్న ఇంజన్ని తుక్కు రేటుకి కొట్టేద్దామనుకున్నాడని నా అనుమానం. అందుకే అడగకుండానే రేటు పెంచాడు. అమ్మితే అమ్ము గానీ, వాడికి మాత్రం ఇవ్వకు. విప్పి చూసి అమ్ము.

మావయ్య


నూజివీడు,
22 మే 2025.

మావయ్యా,

పెట్టె విప్పాను. కూర్చుని చదవండి.

ఇవాళ పొద్దున మీ ఉత్తరం రాగానే, అమ్మ పక్కన నిలబడగా క్లిప్పులు తీశాను. పైమూత పక్కన పెట్టి ఫిల్టర్ ఎత్తితే కింద అంతా గడ్డి. మన షెడ్డులో గడ్డే, మెత్తగా కొరికి, మధ్యలో మామిడి తొక్కలు పెట్టి గూడు కట్టింది ఎలుక. పిడికిళ్ళతో తీశాను. ఫిల్టర్ అడుగు మొత్తం కొరికేసింది. ఇంజన్‌కి గాలి ఎక్కడినుంచి వస్తుంది పాపం. అమ్మ ముక్కు మూసుకుని, ఇన్నాళ్ళూ ట్రాక్టరు దాటిపోయింది దీని మూలాన్నా అని నవ్వడం మొదలుపెట్టింది.

నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. పక్కన పెట్టిన మూత వెల్లకిలా ఉంది. అమ్మ దానివంక చూస్తోంది.

మూత లోపలివైపు బొట్టు ఉంది మావయ్యా. పసుపు ఒక అడ్డగీత, వంకరగా, చివర కిందికి జారింది. దాని మీద కుంకుమ. ఫిల్టర్ దాటాక గాలి శుభ్రంగా ఉంటుంది కదా, దుమ్ము లేదు, జిడ్డు లేదు. నీళ్ళూ డీజిలూ లోపలికి పోలేదు. ఎర్రటి కుంకుమ ఎర్రగానే ఉంది. పసుపులో వేలి గీతలు కనిపిస్తున్నాయి. అమ్మ ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "సౌభాగ్యం వేలే" అంది. ఇద్దరం ఆ గడ్డిలోనే కూర్చుండిపోయాం.

మధ్యాహ్నం కొత్త ఫిల్టర్ తెచ్చి, బొట్టుకి చెయ్యి తగలకుండా మూత పెట్టి స్టార్ట్ చేశాను. పొగ లేదు. చాట్రాయి ఎత్తు థర్డ్ గేరులో ఎక్కింది. వచ్చేటప్పుడు సంతోష్ కుమార్ గ్యారేజీ ముందు నుంచి కావాలనే నెమ్మదిగా వచ్చాను.

ఫొటో ప్రింటు తీయించి ఇందులో పెడుతున్నాను. కానీ మీరే అన్నారు, ఫొటోలో చెయ్యి ఉండదని. సువర్ణరాజు గారిని అడిగాను, ఇలాంటి మూత ఇంకోటి ఏదో పాత కారుది దొరుకుతుందట. మీరు ఊఁ అంటే దీన్ని మెత్తగా గడ్డిలో చుట్టి, రసాలతో పాటు పార్సిల్ చేస్తాను. కారు అమ్మమంటే ఆ తర్వాతే అమ్ముతాను.

మీ లలిత


హైదరాబాద్,
28 మే 2025.

చిరంజీవి లలితకి, మావయ్య దీవెనలు.

ఫొటో చూసినప్పటినుంచీ ఆ రోజు తిరిగి తిరిగి వస్తోంది. ఆ ఆఖరి దసరాకి పొద్దున్నే ఫిల్టర్ నేనే మార్చాను. మూత తెరిచి పెట్టి చేతులు కడుక్కోడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి సౌభాగ్యం మూత మూసి క్లిప్పుతో కుస్తీ పడుతోంది. నీకెందుకు, వేలు నలుగుతుందని కసిరాను. తను పైట చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "నా పని అయిందండీ, స్టార్ట్ చేయండి" అంది. ఏం పని అని నేను అడగలేదు. ఊరందరినీ ఎందుకని అడగమనేవాణ్ణి, ఆవిడని అడగలేదు.

ఆ మూత పంపకు. కారు అమ్మొద్దు, మూత మార్చొద్దు. ఇంజన్ పీల్చే గాలంతా ఆ మూత కింద నుంచే లోపలికి వెళుతుంది. నువ్వు చాట్రాయి ఎత్తు ఎక్కిన ప్రతిసారీ ఆ గాలి ఆవిడ వేలిని తాకి వెళుతుంది. నా బీరువాలో పెట్టుకుంటే దానికి ఆ పని ఉండదు. ఇంట్లో మోస్తున్నానంది కదా, రోడ్డు మీదా మోయనివ్వు. ఫిల్టర్ మార్చేటప్పుడు మాత్రం నువ్వు దగ్గరుండు. కారు ఇవాళే గడ్డి షెడ్డులోంచి బయట పెట్టు. వచ్చే దసరాకి బానెట్ ఎత్తి, మిగతావాటన్నిటికీ నువ్వు బొట్టు పెట్టు. వంకరగా వచ్చినా తుడవకు.

నిన్న రాగిణి ఏదో అడిగింది. తల ఊపలేదు. అర్థం కాలేదు, కాగితం మీద రాయమన్నాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు నాన్నా అని రాసింది. దాని కింద నేను, నూజివీడు వెళ్ళాలి అని రాశాను. పొగ రంగూ ఎలుక గూడూ బొట్టూ అన్నీ దానికి రాసి చెప్పేసరికి రెండు కాగితాలు నిండాయి. టికెట్టు అదే తీసింది. రసాలు అయిపోకముందే, వచ్చే శుక్రవారం పొద్దున్న బస్సుకి దిగుతాను. ఒకటి తినొచ్చని కూడా రాసిచ్చింది, దాచుకున్నాను.

బస్టాండుకి కారు తీసుకురా. నన్ను చూడగానే పలకరించకు, ఎలాగూ వినపడదు. ముందు ఇంజన్ ఆపేయి. నేనొచ్చి బానెట్ మీద, ఆ పెట్టె ఉన్న వైపు చెయ్యి పెడతాను. అప్పుడు స్టార్ట్ చెయ్యి.

నీ మావయ్య,
వెంకటాచలపతి